చెన్నై మ్యాచ్‌లు ఎందుకు మానేశానంటే

నెల్లూరు,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. అంతా బాగానే రాసి, చివర్లో "నువ్వేం ఫుట్‌బాల్ ఫ్యాన్‌వి రా, స్టేడియం గడప తొక్కి ఎన్నేళ్లయింది?" అని పొడిచావు చూడు, అది నాకు రెండు రోజులు అరగలేదు.

ఆట మీద ప్రేమతో పోయానని గొప్పలు చెప్పుకుంటాను గానీ, 2014లో బావ పోతుంటే తోకలా వెళ్లినవాణ్ణి. 2006 వరల్డ్‌కప్ ఫైనల్లో ఫ్రాన్స్ కెప్టెన్ జిదాన్ చేత గుండెల మీద తలతో కుమ్మించుకున్న ఇటలీ మటెరాజ్జీ, అప్పుడు మన చెన్నై జట్టు చెన్నయిన్‌కి కోచ్! మన జట్టులో బ్రెజిల్ ఆటగాడు ఎలానో ఫ్రీకిక్ కొడుతుంటే పక్కవాడి చెయ్యి పట్టేసుకునేవాళ్లం. మధ్యాహ్నం రైలెక్కి సెంట్రల్లో దిగడం, నెహ్రూ స్టేడియం దాకా నడక. చుట్టూ తమిళం. మనం తెలుగులో ఎంత తిట్టినా రిఫరీకి అర్థం కాదు, అదో హాయి.

జట్టు ఓడితే జనం రారంటారు. నాకైతే ఓడిన రోజే రైల్లో మాటలు ఎక్కువ. నన్ను మాన్పించింది తిరుగు ప్రయాణం రా. ఏడింటికి మొదలయ్యే ఆటని తర్వాత ఏడున్నరకి జరిపారు. అయ్యేసరికి తొమ్మిదిన్నర. జనరల్ బోగీలో తలుపు దగ్గర నిలబడితే గూడూరు వచ్చేసరికి అర్ధరాత్రి దాటేది. బస్సుకి పోదామంటే 2018లో ఆంధ్రా బస్సులన్నీ కోయంబేడు నుంచి మాధవరానికి మార్చేశారు. ఇంకేముంది, ఎనభయ్యో నిమిషం నుంచి బంతి మీద కన్ను ఉండదు, గడియారం మీదే. ఒకసారి ఆఖరి గోల్ అరుపు బయట ఆటోవాడితో బేరమాడుతూ విన్నాను. టికెట్ కొన్నది ఆ అరుపు కోసమే కదా!

కరోనా వచ్చాక రెండు సీజన్లు గోవాలోనే, ఖాళీ స్టాండ్ల ముందు ఆడించారు. అప్పుడే సోఫాకి అలవాటు పడిపోయాం. మీ హైదరాబాద్ జట్టు లీగ్ కప్పు కొట్టింది కూడా అప్పుడే, 2022 మార్చిలో, కేరళ మీద పెనాల్టీల్లో. ఫైనల్‌కి జనాన్ని రానిచ్చారు గానీ వచ్చింది ఎక్కువ కేరళవాళ్లే. అయినా నన్నంటావేం? నేను జట్టుని వదిలేశాను సరే, నీ జట్టే నిన్ను వదిలేసి 2025లో ఢిల్లీ పోయి పేరు కూడా మార్చుకుంది!

ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ క్లబ్బు అభిమానుల సంగతి గుర్తుందా? 2016లో 77 పౌండ్ల టికెట్ పెడతామంటే 77వ నిమిషంలో వేలమంది లేచి బయటికి నడిచారు. అప్పటికి 2-0తో గెలుస్తున్న ఆట 2-2 అయింది, క్లబ్బు కూడా దిగొచ్చింది. మనం లేచి వచ్చేస్తే ఎవడికి తెలుస్తుంది? మన దగ్గర కుర్చీలు ముందే ఖాళీ.

2018 జూన్‌లో ముంబైలో మన ఇండియా జట్టు చైనీస్ తైపీని (అదే, తైవాన్‌ని) 5-0తో కొడితే చూసింది 2,569 మంది. మర్నాడు కెప్టెన్ ఛెత్రి వీడియో పెట్టాడు, తిట్టాలన్నా సరే స్టేడియానికొచ్చి తిట్టండని. ఆ తర్వాతి కెన్యా మ్యాచ్‌కి వానలో కూడా టికెట్లన్నీ అయిపోయాయి. రెండు రోజుల్లో ఆట మారిందా? లేదు, పిలిచాడంతే.

ఇదంతా మా ఆవిడకి చదివి వినిపిస్తే, "రైళ్లు అప్పుడూ అంతేగా, మీ బావ దుబాయ్ పోయినప్పటినుంచే కదా మీరు మానేసింది" అంది. రైళ్ల గురించి రాసిందంతా కొట్టేద్దామనుకున్నా, ఉంచేశాను.

బావ కొడుకు ఇప్పుడు ఎనిమిదో క్లాసు. సాయంత్రమైతే వీఆర్సీ గ్రౌండ్‌లో మట్టి కొట్టుకుని వస్తాడు. చెన్నై తీసుకుపో మామా అని ఒకటే గోల. ఆదివారమైతే మర్నాడు బడి అని అక్క ఒప్పుకోదు. శనివారం మ్యాచ్ పడితే రాస్తాను, నువ్వు శుక్రవారం రాత్రికే దిగు. అమ్మ చేపల పులుసు పెడుతుంది, మీ బిర్యానీ గొప్పలు చెప్పకుండా తినాలి. ఈసారి సెంట్రల్ దగ్గర లాడ్జిలో పడుకుని పొద్దున్నే వద్దాం. లాడ్జి డబ్బులు నీవి.

నీ
రమణ