అప్‌డేట్ మధ్యలో ఆగిన రౌటర్‌ను పారేయకండి

సంపాదకులు గారికి,

వైఫై రౌటర్‌కు ఫర్మ్‌వేర్ (రౌటర్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోతుంది. వచ్చాక చూస్తే పవర్ లైటు ఒక్కటే వెలుగుతుంది, వైఫై పేరు కనిపించదు. అలాంటి రౌటర్‌ను షాపుకు తీసుకెళ్తే మన నగరంలో ఎక్కువగా వినపడే మాట, "బోర్డు పోయిందండీ, కొత్తది తీసుకోండి" అని. ఆ మాట చాలాసార్లు తప్పు. బోర్డుకు ఏమీ కాలేదు. ఫర్మ్‌వేర్ దాచి ఉంచే లోపలి ఫ్లాష్ చిప్‌లో సగం రాసిన ఫైల్ మిగిలింది, అంతే. దాన్ని మళ్లీ పూర్తిగా రాస్తే రౌటర్ లేస్తుంది. ఒక ల్యాన్ కేబుల్, ఒక ల్యాప్‌టాప్, సరైన ఫైల్, ఓ గంట ఓపిక ఉంటే ఇంట్లోనే చేసుకోవచ్చు.

ఫ్లాష్ చిప్‌లో ఉన్నదాని మీద నేరుగా కొత్తది రాయడం కుదరదు. పలక తుడిచి రాసినట్టే ముందు చెరపాలి, తర్వాత రాయాలి. చెరపడం ముక్కలు ముక్కలుగా జరుగుతుంది, మామూలుగా ఒక్కో ముక్క 64 కిలోబైట్లు. తుడిచాక, రాయకముందు కరెంటు పోతే అక్కడ ఖాళీ మిగులుతుంది. అయితే చిప్ మొదట్లో బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది. మామూలు అప్‌డేట్ సాధారణంగా దాని జోలికి వెళ్లదు. పవర్ ఇవ్వగానే అది ఫర్మ్‌వేర్ చెక్‌సమ్ (ఫైల్ పూర్తిగా ఉందో లేదో తేల్చే లెక్క) చూసి, లెక్క కుదరకపోతే ముందుకు వెళ్లనివ్వదు. చాలా మోడళ్లలో అదే బూట్‌లోడర్ కొత్త ఫైల్‌ను కేబుల్ మీదుగా తీసుకోగలదు. రికవరీ అంటే ఇదే.

ఆ పని మొదలుపెట్టే ముందు అడాప్టర్ చూడండి. పాతబడిన అడాప్టర్ ఉత్తగా మీటరు పెడితే 12 వోల్టులు చూపిస్తుంది. రౌటర్‌లోని వైఫై రేడియో ఆన్ అయ్యే సరికి మాత్రం వోల్టేజీ దిగిపోతుంది. రౌటర్ మొదలవుతుంది, ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. చెడిన ఫర్మ్‌వేర్ కూడా అచ్చం ఇలాగే ప్రవర్తిస్తుంది కాబట్టి ఈ రెంటికీ తేడా తెలియక మంచి రౌటర్లు చెత్తలోకి వెళ్తున్నాయి. వోల్టులు సరిగ్గా అవే, ఆంపియర్లు అంతే లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న ఇంకో అడాప్టర్ పెట్టి చూడండి. పిన్ను సైజు, ప్లస్ మైనస్ గుర్తులు కూడా కలవాలి. 9 వోల్టుల రౌటర్‌కు 12 వోల్టుల అడాప్టర్ పెడితే అప్పుడు బోర్డు నిజంగానే పోవచ్చు.

తర్వాత ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో రౌటర్ ల్యాన్ పోర్టుకు కలిపి, రౌటర్ అడ్రస్ వరసలోనే ల్యాప్‌టాప్‌కు చేత్తో ఒక ఐపీ అడ్రస్ పెట్టి, రౌటర్ అడ్రస్‌కు పింగ్ చేయండి, అంటే జవాబిస్తుందో లేదో చూసే కమాండ్ ఇవ్వండి. ఎక్కువ మోడళ్లలో అది 192.168.0.1 లేదా 192.168.1.1. జవాబు వస్తే పక్కనున్న టీటీఎల్ అంకె చూడండి. 64 అని ఉంటే సాధారణంగా లోపల లినక్స్ (ఫర్మ్‌వేర్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్) లేచినట్టే. ఫర్మ్‌వేర్ బతికే ఉంది, చెడింది బహుశా సెట్టింగులే. పది సెకన్లు రీసెట్ నొక్కితే చాలావరకు సరిపోతుంది. బ్రాడ్‌కామ్ చిప్ ఉన్న కొన్ని రౌటర్లలో 100 అని వస్తుంది, అది బూట్‌లోడర్ ఇచ్చే జవాబు. పవర్ ఇచ్చిన మొదటి కొన్ని సెకన్లలోనే వచ్చి ఆగిపోవచ్చు కాబట్టి పింగ్‌ను ఆపకుండా నడిపిస్తూ స్విచ్ వేయాలి.

ఫైల్ దగ్గర తొందరపడొద్దు. రౌటర్ అడుగున ఉన్న స్టిక్కర్ మీద మోడల్ పేరు పక్కన వెర్షన్ అంకె కూడా ఉంటుంది. ఒకే పేరుతో అమ్మే రౌటర్లలో వెర్షన్ 2కీ వెర్షన్ 4కీ ప్రాసెసరే వేరు కావచ్చు, ఒకదాని ఫైల్ ఇంకోదానికి పనికిరాదు. కంపెనీ సైటులో మన దేశం పేజీ నుంచే దించుకోండి. జిప్‌ను విప్పి, లోపలున్న బిన్ ఫైల్‌నే వాడాలి. కొన్ని టీపీ-లింక్ ఫైళ్ల పేరులో 'బూట్' అన్న మాట ఉంటుంది, అంటే బూట్‌లోడర్ కూడా ఆ ఫైల్‌లో కలిసి ఉందని అర్థం. మీ మోడల్‌కు ఆ ముక్క తీసేసి పంపాలో, అలాగే పంపాలో తెలుసుకోకుండా పంపితే బతికున్న బూట్‌లోడర్ కూడా పోయే ప్రమాదం ఉంది.

పద్ధతి కంపెనీని బట్టి మారుతుంది. డి-లింక్‌లో చాలా మోడళ్లకు ఇది అన్నిటికన్నా సులువు. రీసెట్ నొక్కి పట్టుకుని పవర్ ఇచ్చి, లైటు మెల్లగా మిణుకుమనే దాకా వదలకుండా ఉంటే, 192.168.0.1లో ఒక బోసి పేజీ తెరుచుకుంటుంది. ఫైల్ ఎంచుకుని అప్‌లోడ్ నొక్కడమే. ఏసస్‌లో రెస్క్యూ మోడ్ ఉంది. అక్కడా రీసెట్ పట్టుకునే పవర్ ఇవ్వాలి, లైటు మెల్లగా కొట్టుకోవాలి. ల్యాప్‌టాప్‌కు 192.168.1.10, మాస్క్ 255.255.255.0 పెట్టి, ఆ కంపెనీ ఇచ్చే ఫర్మ్‌వేర్ రిస్టోరేషన్ ప్రోగ్రామ్‌తో ఫైల్ పంపాలి.

టీపీ-లింక్‌లో చాలా మోడళ్లు దీనికి తలకిందులు. అక్కడ రౌటరే ఫైల్ అడుగుతుంది, ల్యాప్‌టాప్ ఇవ్వాలి. ల్యాప్‌టాప్‌కు 192.168.0.66 పెట్టి (కొన్నింటికి ఈ అడ్రస్ వేరు), టీఎఫ్‌టీపీ సర్వర్ ప్రోగ్రామ్ (అడిగినవారికి ఫైల్ పంపేది) నడిపి, ఆ మోడల్‌కు నిర్ణయించిన పేరునే ఫైల్‌కు పెట్టి ఆ ప్రోగ్రామ్ చూసే ఫోల్డర్‌లో ఉంచాలి. పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా, ఒక అండర్‌స్కోర్ తప్పినా రౌటర్ ఫైల్ తీసుకోదు. తర్వాత రీసెట్ నొక్కి పట్టి పవర్ ఇచ్చి, దాదాపు పది సెకన్లు పట్టుకోవాలి.

ఎక్కువ మంది ఓడిపోయేది ఇక్కడే, అదీ చిన్న కారణాలకే. మొదటిది విండోస్ ఫైర్‌వాల్. టీఎఫ్‌టీపీ వాడే 69వ నంబరు యూడీపీ పోర్టును అది మూసి ఉంచుతుంది, ఆ పది నిమిషాలకు ఆపాలి. రెండోది వైఫై. ల్యాప్‌టాప్ వైఫై ఆన్‌లో ఉంటే ప్రోగ్రామ్ తప్పు దారిలో కూర్చుని ఎదురుచూస్తుంది. మూడోది ఎవరూ చెప్పనిది. రౌటర్ ఆపగానే ల్యాప్‌టాప్ కేబుల్ పోర్టు కూడా నిద్రపోతుంది. రౌటర్ ఆన్ చేశాక విండోస్ ఆ పోర్టును లేపి ఐపీ పెట్టుకునే సరికి కొన్ని సెకన్లు పడుతుంది. బూట్‌లోడర్ అంతసేపు ఆగదు, అడిగి వెళ్లిపోతుంది. మధ్యలో ఐదు పోర్టుల మామూలు నెట్‌వర్క్ స్విచ్ ఒకటి పెడితే ల్యాప్‌టాప్ పోర్టు ఎప్పుడూ మెలకువగానే ఉంటుంది. పదిసార్లు కుదరనిది స్విచ్ పెట్టగానే కుదిరిందంటే కారణం ఇదే.

ఫైల్ వెళ్లాక కనీసం ఐదు నిమిషాలు ముట్టుకోకండి. కంప్యూటర్‌లో "పంపడం పూర్తయింది" అని వచ్చినా అది రౌటర్ తాత్కాలిక మెమరీలోకి చేరిందని మాత్రమే. చిప్‌లో రాయడం ఆ తర్వాతే మొదలవుతుంది. అప్పుడు కరెంటు తీస్తే కథ మళ్లీ మొదటికి వస్తుంది. రౌటర్ లేచాక ఒకసారి రీసెట్ చేసి, ప్రొవైడర్ ఇచ్చిన పీపీపీఓఈ (ఇంటర్నెట్ లాగిన్) యూజర్ పేరు, పాస్‌వర్డ్ కొత్తగా వేయాలి. అన్నీ సరిగ్గా ఉన్నా నెట్ రాకపోతే ఇంటర్నెట్ ఇచ్చేవారు మీ కనెక్షన్‌ను పాత మ్యాక్ అడ్రస్‌కు (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు నంబరు) కట్టి ఉంచారేమో అడగండి. ఫోన్ చేస్తే వాళ్లు విప్పుతారు.

ఇవేవీ పనిచేయకపోతే మిగిలేది మూత విప్పడం. బోర్డు మీద వరసగా నాలుగు పిన్నులు లేదా నాలుగు రంధ్రాలు కనిపిస్తే అది సీరియల్ పోర్టు, అంటే బూట్‌లోడర్‌తో నేరుగా మాట్లాడే దారి కావచ్చు. దాన్ని ల్యాప్‌టాప్‌కు కలపడానికి కోఠీ గుజరాతీ గల్లీలో దొరికే యూఎస్‌బీ టీటీఎల్ బోర్డు చాలు (ఈ టీటీఎల్‌కూ పింగ్‌లోని టీటీఎల్‌కూ సంబంధం లేదు), అయితే 3.3 వోల్టులదే అయ్యుండాలి. గ్రౌండ్ ముందు కలిపి, ఒకదాని టీఎక్స్‌ను (పంపే పిన్ను) ఇంకోదాని ఆర్‌ఎక్స్‌కు (తీసుకునే పిన్ను) ఇవ్వాలి. వోల్టేజీ పిన్ను జోలికి వెళ్లొద్దు, రౌటర్ తన అడాప్టర్ మీదే నడవాలి. వేగం ఎక్కువ బోర్డుల్లో 115200. ల్యాప్‌టాప్ తెరమీద పిచ్చి గుర్తులు వస్తే వేగం తప్పు, ఏమీ రాకపోతే ముందు తీగలు తారుమారయ్యాయేమో చూడాలి. బూట్‌లోడరే పోతే ఎనిమిది కాళ్ల ఫ్లాష్ చిప్‌ను ప్రోగ్రామర్ అనే పరికరంతో రాయాలి, అది చెయ్యి తిరిగిన మెకానిక్ పని.

ఆ మెకానిక్‌ను మాత్రం ఒక ప్రశ్న అడగండి: "నా చిప్‌లో ఉన్నది చదివి దాచారా?" ప్రతి రౌటర్ చిప్‌లోనూ ఆ ఒక్క బోర్డు కోసమే ఫ్యాక్టరీలో కొలిచి రాసిన రేడియో లెక్కలు, మ్యాక్ అడ్రస్ ఉంటాయి. అథెరోస్ కంపెనీ చిప్ ఉన్న చాలా బోర్డుల్లో ఆ లెక్కలు ఉండేది చివరి 64 కిలోబైట్లలో. వేరే రౌటర్ కాపీ తెచ్చి మొత్తం చిప్ మీద రాస్తే రౌటర్ లేస్తుంది, లైట్లు వెలుగుతాయి, కస్టమర్ డబ్బులిచ్చి వెళ్తాడు. వైఫై మాత్రం పక్క గదికి కూడా సరిగ్గా అందకపోవచ్చు. పాత చిప్‌ను రెండుసార్లు చదివి, రెండు కాపీలూ ఒకటేనని చూసుకుని, ఆ భాగాన్ని తిరిగి దాని చోటే పెట్టాలి. ఇది చేయకపోతే రిపేరు సగమే అయినట్టు. డబ్బులిచ్చే ముందు రౌటర్ పేజీలో కనిపించే మ్యాక్, స్టిక్కర్ మీది మ్యాక్ కలుస్తున్నాయో లేదో చూసుకోండి.

ఫైబర్ తీగ నేరుగా గుచ్చే పెట్టెలకు ఇవేవీ చేయొద్దు. అవి ప్రొవైడర్ దగ్గర సీరియల్ నంబరుతో నమోదై ఉంటాయి, సెట్టింగులు అక్కడి నుంచే వస్తాయి. ఫిర్యాదు ఇచ్చి మార్పించుకోవడమే సరైన దారి.

ఈ భయంతో అప్‌డేటే మానేసేవారు ఉన్నారు, అది ఇంకా ప్రమాదం. 2018లో బయటపడ్డ వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్వేర్ కనీసం ఐదు లక్షల రౌటర్లు, స్టోరేజీ పెట్టెల్లోకి చొరబడింది. అప్‌డేట్ చేయండి, కానీ ఈదురుగాలి వాన పట్టే సాయంత్రం కాదు. పొద్దున పూట, వైఫై మీద కాకుండా కేబుల్ పెట్టి చేయండి. ఇన్వర్టర్ ఉంటే దాన్ని యూపీఎస్ మోడ్‌లో ఉంచండి. నార్మల్ మోడ్‌లో మారే ఆ కాస్త ఆలస్యానికే రౌటర్ ఆగి మొదలవ్వచ్చు. రౌటర్లకని అమ్మే చిన్న యూపీఎస్ ఇంకా మంచిది.

రౌటర్ల కంపెనీలకు, పార్క్‌లేన్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి కాలనీ షాపుల దాకా వాటిని అమ్మేవారికి మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. రికవరీ అడ్రస్, ఫైల్ పేరు, రీసెట్ ఎన్ని సెకన్లు పట్టుకోవాలి అనే మూడు సంగతులు అడుగు స్టిక్కర్ మీద రెండు వరసల్లో పడతాయి. వాటిని తెలుగులోనూ అచ్చు వేయండి. అమ్మకం ఆపేసిన మోడళ్ల ఫైళ్లను కూడా సైటులోంచి తీసేయకండి. కంపెనీయే రాత్రిపూట తనంతట తాను పంపిన అప్‌డేట్‌తో వారంటీలో ఉన్న రౌటర్ ఆగిపోతే అది వాడేవారి తప్పు కాదు, మార్చి ఇవ్వండి. ఇవ్వడానికి ఒప్పుకోకపోతే వినియోగదారులు 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించవచ్చు.

ఇట్లు,
ఒక నెట్‌వర్క్ టెక్నీషియన్,
సికింద్రాబాద్