ఓడల పుస్తకం ఆలస్యం, ధర మార్పు: ముందే డబ్బు కట్టినవాళ్లకు ఉన్నదున్నట్టు

నమస్కారం అండి. గ్రహశకలాల మీద, అంటే సూర్యుడి చుట్టూ తిరిగే రాళ్ల మీద, అంతరిక్ష ఓడలతో గనులు తవ్వే మన ఆటకు రెండో పుస్తకంగా ఓడల పుస్తకం సంక్రాంతికి మీ చేతికిస్తామని చెప్పి ముందస్తు డబ్బు తీసుకున్నాం. సంక్రాంతికి ఇవ్వలేం, ఉగాదికి ఇస్తాం. ధర కూడా 650 నుంచి 780 రూపాయలకు పెరుగుతోంది. ఇప్పటికే కట్టినవాళ్లు అదనంగా ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. ఎందుకిలా మారిందో తెలుసుకునే హక్కు మీకుంది కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం ఒక మాట. మాది పాలకొల్లులో చిన్న ప్రింటింగు షాపు. పెళ్లికార్డులు, బిల్లు పుస్తకాలు వేస్తూనే తెలుగులో ఈ రోల్‌ప్లేయింగ్ గేమ్ కూడా తయారుచేస్తున్నాం. నలుగురైదుగురు టేబుల్ చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు ఓడ సిబ్బందిగా మాట్లాడుతూ, పాచికలు వేస్తూ ఆడతారు. మొదటి పుస్తకంలో ప్రతి ఓడకూ వేగం, బలం, సరుకు అని మూడు అంకెలే ఉండేవి. ఆ మూడూ చిన్న కథలకు సరిపోయాయి. ఇప్పుడు మీలో చాలామంది నెలల తరబడి ఒకే ఓడతో ఆడుతున్నారు, సొంతంగా ఓడలు గీసి పంపిస్తున్నారు. అంత శ్రద్ధ పెట్టేవాళ్లకు బొమ్మలు మార్చి అవే మూడు అంకెలు అమ్మడం నాకు నచ్చలేదు. అందుకే ఓడలన్నింటినీ మొదటినుంచి గీయించాం. గ్రహశకలం మీద తవ్వడంలో అసలు కష్టం ఎక్కడుందో ఓడను చూడగానే తెలియాలన్నది మా పట్టుదల.

ముందు తవ్వకం సంగతి. బెన్ను అనే గ్రహశకలం అడ్డకొలత సుమారు అర కిలోమీటరు. దాని ఆకర్షణ ఎంత తక్కువంటే, మామూలు నడక వేగంతో పైకి ఎగిరినా మనిషి మళ్లీ కిందికి రాడు. అలాంటిచోట డ్రిల్లు దించితే, కట్టు విప్పిన పడవలో నిలబడి గట్టును గెడతో నెట్టినట్టే, ఓడే వెనక్కి పోతుంది. 2020 అక్టోబరులో నాసా వారి ఒసైరిస్-రెక్స్ నౌక బెన్నును తాకినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. పైన కనబడిన రాళ్లగుట్ట దాదాపు పట్టులేకుండా వదులుగా ఉంది. నౌక చెయ్యి అర మీటరు దాకా లోపలికి దిగిపోయింది. వెంటనే ఇంజన్లు మండించి వెనక్కి వచ్చేసింది కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత చూస్తే గులకరాళ్లు అడ్డుపడి మూత పూర్తిగా పడలేదు, సేకరించిన దాంట్లో కొంత అంతరిక్షంలోకి జారిపోతోంది. అయినా 2023 సెప్టెంబరులో భూమికి చేరింది 121.6 గ్రాములు. వాళ్లు కనీసం కావాలనుకున్నది 60 గ్రాములే.

ఈ ఉదంతం మీదే మా ‘కొంగ’ తరగతి ఓడ నిలబడింది. పొడవాటి కాలు, చిన్న పొట్ట, చుట్టూ లంగరు తాళ్లు. ఓడ కార్డు మీద ‘పట్టు’ అని కొత్త వరస చేర్చాం. పట్టు చాలకుండా డ్రిల్లు వేస్తే పాచికతో పనిలేదు, ఓడ లేచిపోతుంది. భీమవరంలో ఇంజనీరింగ్ కుర్రాళ్లతో ఆడించినప్పుడు ఒకమ్మాయి లంగర్లు వేయకుండా నేరుగా తాళ్లతో గ్రహశకలాన్నే చుట్టేసింది. మాకు ఆ ఆలోచనే రాలేదు. ఇప్పుడది పుస్తకంలో రూలు. అర కిలోమీటరు రాయిని చుట్టడానికి తాడు ఎంత పడుతుందో, దాని బరువెంతో కూడా లెక్కగట్టి ఇచ్చాం.

ఇక ఇంధనం. కొత్త పుస్తకంలో నాకు బాగా ఇష్టమైన పేజీ ఇదే. వేగం ఇంత మార్చాలంటే ఇంధనం ఎంత కావాలో చెప్పే రాకెట్ సూత్రాన్ని రష్యాలో చియోల్కోవ్‌స్కీ 1903లో ప్రచురించాడు, దాన్ని పట్టికగా మార్చాం, లాగరిథమ్‌లు ఎవరూ వేయక్కర్లేదు. హైడ్రోజన్, ఆక్సిజన్ మండించే ఇంజను నుంచి వాయువు సెకనుకు సుమారు 4.5 కిలోమీటర్ల వేగంతో బయటికొస్తుంది. ఇంధనం కాక 100 టన్నులుండే ఓడ తన వేగాన్ని అంతే మార్చుకోవాలంటే 172 టన్నుల ఇంధనం కావాలి. దానికి రెట్టింపు మార్చాలంటే 639 టన్నులు! అదే వాయువు సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే విద్యుత్ ఇంజను అయితే మొదటి మార్పుకు 16 టన్నులు చాలు, కానీ దాని తోపు, అంటే ఓడను నెట్టే బలం, చాలా తక్కువ. గ్రహశకలాల్లో పెద్దవైన సెరీస్, వెస్టాల దగ్గరికి వెళ్లిన నాసా డాన్ నౌకది ఇలాంటి విద్యుత్ ఇంజనే (అయాన్ ఇంజను అంటారు), దాని తోపు మన చేతిలో ఒక కాగితం బరువంత. ఏళ్ల తరబడి ఆపకుండా తోస్తేనే పని అవుతుంది. తొందరగా వెళ్లి ఖాళీ ట్యాంకుతో నిలబడాలా, నెమ్మదిగా వెళ్లి పోటీవాళ్ల తర్వాత చేరాలా? ఆట మొదట్లోనే ఈ వాదన వస్తుంది, రావాలి కూడా.

“బంగారం తవ్వే ఓడ ఎందుకు లేదండీ?” అని చాలామంది అడిగారు. నేల మీద నుంచి భూమి చుట్టూ కక్ష్యలోకి ఏదైనా చేర్చాలంటే సెకనుకు 9 కిలోమీటర్లకు పైగా వేగం కావాలి. అందుకే పైన దొరికే నీటికి పైనే గిరాకీ. నల్లటి కర్బన గ్రహశకలాల ఖనిజాల్లో నీరు బంధించి ఉంటుంది. వేడిచేసి రాబట్టి, విడగొడితే అదే ఇంధనం. అందుకే మన ‘పంటు’ ఓడ మంచుగడ్డల మూటలు మోస్తుంది. లోహం కావాలనుకునేవాళ్లకు సైకీ అనే గ్రహశకలం మీద ఒక పెద్ద కథ రాశాం. సైకీని కనిపెట్టింది 1852లో, ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన ఏడాదే. నాసా నౌక 2023 అక్టోబరులో బయల్దేరింది, 2029లో అక్కడికి చేరాలి. అది పంపే వివరాలను బట్టి ఆ కథ మారుస్తాం, కొన్నవాళ్లకు ఉచితంగా పంపిస్తాం.

ధర పెరగడానికి కారణం వేడి. శూన్యంలో గాలి లేదు, వేడిని రేడియేటర్ రేకుల ద్వారా వెదజల్లడమొకటే దారి. ఒక మెగావాట్ కరెంటు ఇచ్చే అణు రియాక్టరు మూడు మెగావాట్ల వ్యర్థపు వేడి పుట్టిస్తుందనుకుందాం. రేకులు 227 డిగ్రీల దగ్గర పనిచేస్తే 420 చదరపు మీటర్లు కావాలి, అంటే పది సెంట్ల జాగా. ఆ రెక్కలు లేని ఓడ బొమ్మ వేయడం నాకు ఇష్టంలేదు. అందుకని ప్రతి ఓడ కార్డుకూ రెండు పక్కలా మడత రెక్కలు పెట్టాం. రెక్క విప్పితే వేడి బిళ్లలు పెట్టుకునే గళ్లు కనబడతాయి. రెక్క ముడిస్తే రాళ్ల దెబ్బ తగలదు, కానీ రియాక్టరు ఆపాలి. మామూలు అట్ట మన గోదావరి వానల్లో తేమ పీల్చుకుని వంగిపోయింది, మడత దగ్గర రంగు లేచింది. మందం అట్ట, రెండు వైపులా లామినేషన్, రెక్కల ఆకారంలో కోయడానికి విడిగా డై కటింగ్. పెరిగిన 130 రూపాయలూ అక్కడే పోతున్నాయి.

మీలో కొందరికి బాధ కలిగించే మాట కూడా చెప్పాలి. రాళ్ల మధ్య వంకర్లు తిరుగుతూ దూసుకుపోయే ‘బుల్లిపిట్ట’ ఓడను తీసేశాం. కుజుడికీ గురుడికీ మధ్య ఉన్న గ్రహశకలాల పట్టీ దాదాపు అంతా ఖాళీయే, రాయికీ రాయికీ మధ్య లక్షల కిలోమీటర్లు. 1972లో బయల్దేరిన నాసా నౌక పయనీర్ 10 ఏ రాయినీ తప్పించుకోవాల్సిన పని లేకుండానే దాన్ని దాటేసింది. ‘బుల్లిపిట్ట’ను ఇష్టపడ్డవాళ్ల కోసం దాని పైలట్ పాత్రను ఉంచాం. ఇప్పుడతను ‘పంటు’లను గ్రహశకలానికి కట్టే మనిషి. నిమిషాల తరబడి సెంటీమీటర్ల వేగంతో దగ్గరికి చేరడంలో ఎంత టెన్షన్ ఉంటుందో ఆడి చూడండి.

ఉగాది దాకా ఆగలేమనుకునేవాళ్లు ఈ నెలాఖరులోగా షాపు నంబరుకు మెసేజ్ పెడితే డబ్బు మొత్తం తిరిగి వేస్తాం, కారణం అడగం. ఆగేవాళ్లందరికీ ‘కొంగ’, ‘పంటు’ కార్డుల పీడీఎఫ్‌లు, ఇంధనం పట్టిక వచ్చే వారం పంపుతున్నాం. ఇంట్లో ప్రింటు తీసుకుంటే కాస్త మందం కాగితం వాడండి. మొదటి పుస్తకంతో ఇప్పటికే కథ నడుపుతున్నవాళ్లు పాత్రల వివరాలేమీ మార్చక్కర్లేదు. ఓడ ఇంధనం గళ్లు మాత్రం కొత్త పట్టిక ప్రకారం మళ్లీ నింపుకుని ఆడండి. ఎక్కడైనా లెక్క కుదరకపోతే ఆ కార్డు ఫొటో తీసి పంపండి, పుస్తకం అచ్చుకు వెళ్లేలోగా సరిచేస్తాం.