ఆ సీసా మీద రాసింది చదివాను

కర్నూలు,
ఆదివారం.

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీర్వదించి రాస్తున్నది.

ఇక్కడ నేను, అమ్మ, నానమ్మ క్షేమం. జిమ్‌లో కొన్న ఆ సన్నబడే గుళికలు ఆపేయమని నిన్న రాత్రి ఫోనులో చెప్పాను. ఆపుతానన్నావు, కానీ "ఎందుకు నాన్నా, మూలికలే కదా" అని కూడా అన్నావు. నీ ప్రశ్నకు జవాబు ఫోనులో తెమిలేది కాదు. అందుకే కాగితం తీశాను.

నిద్ర రావడం లేదని, కూర్చున్నచోటే గుండె దడదడ కొట్టుకుంటోందని అమ్మతో చెప్పావట. నువ్వు పంపిన సీసా ఫోటో ఆమె నాకు చూపించింది. భయపడి చూపించింది, కోపం పెట్టుకోకు. ముప్పై ఏళ్లకు పైగా పెద్దాసుపత్రి దగ్గర మందుల షాపు నడిపినవాణ్ణి. ఏ సీసా చూసినా నా కళ్లు ముందు వెనకవైపు లేబులు మీదికే పోతాయి. ఫోటోను పెద్దది చేసుకుని ప్రతి అక్షరం చదివాను.

ఒక్కో గుళికలో 200 మిల్లీగ్రాముల కెఫీన్. పొద్దున ఒకటి, జిమ్‌కు వెళ్లేముందు ఒకటి అంటే 400. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజు మొత్తానికి అంతవరకు పరవాలేదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పింది. అంటే నీకు గుళికలతోనే ఆ హద్దు నిండిపోయింది. ఆఫీసులో తాగే మూడు కాఫీలు దాని పైన. కప్పుకు 80 చొప్పున వేసుకున్నా మొత్తం 640. ఇక నిద్ర ఎక్కడినుంచి వస్తుంది తల్లీ? కాఫీలు కూడా ఒక్కసారిగా మానకు, తలనొప్పి పట్టుకుంటుంది. రోజుకో కప్పు తగ్గించుకుంటూ రా. వారంలో దడ తగ్గకపోతే డాక్టరుకు చూపించుకో. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా మాకు ఫోను చేసే వరకు కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లు.

"మూలికలే కదా" అన్న మాట నా షాపు బల్ల ముందు లెక్కలేనన్ని సార్లు విన్నాను. మన కంచెల్లో పెరిగే ఉమ్మెత్త కూడా మూలికే. ఎఫిడ్రా అచ్చమైన మూలిక. సన్నబడడానికి దాన్ని వాడినవాళ్లలో గుండెపోట్లు, మరణాలు నమోదయ్యాక అమెరికాలో 2004లో దాన్ని అలాంటి గుళికల్లో కలపకుండా నిషేధించారు. సిబుట్రమిన్ సంగతి నాకు ఇంకా దగ్గరగా తెలుసు. ఆకలిని తగ్గించే మందు అది. డాక్టర్లు చీటీ రాస్తే నేనూ ఇచ్చాను. గుండె జబ్బున్నవాళ్లలో గుండెపోటును, పక్షవాతాన్ని అది పెంచుతోందని పెద్ద పరిశీలనలో తేలింది. 2010లో ఐరోపాలో, అమెరికాలో ఆపేశారు, 2011లో మన దేశంలోనూ నిషేధించారు. నా అరల్లో ఉన్నవి వెనక్కి పంపేశాను. కానీ ఆ మందు అంతటితో పోలేదు. "పూర్తిగా మూలికలతో చేసినది" అని అమ్మే సన్నబడే గుళికలను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పరీక్షించినప్పుడు, లేబులు మీద పేరు లేకుండా లోపల ఇదే మందు ఎన్నోసార్లు దొరికింది. నీ సీసాలో అది ఉందని నేను అనడం లేదు. లేదని నీకు హామీ ఇవ్వగలిగినవాళ్లు ఎవరు? ఆ జిమ్ శిక్షకుడా? అతనికి పంపిన పంపిణీదారుడా?

మందు అమ్మాలంటే అది పనిచేస్తుందని ముందు రుజువు చూపాలి. ఈ గుళికలు, పొడులు మన చట్టంలో ఆహారం కిందికి వస్తాయి. వాటికి ఆ పరీక్ష లేదు. అందుకే ఆహార భద్రతా నిబంధనల ప్రకారం, ఇది వైద్యానికి వాడేది కాదని లేబులు మీద రాసి తీరాలి. నీ సీసా మీద కూడా రాశారు, కింద మూలన. ముందువైపు మాత్రం మంట బొమ్మ.

నీకు ఎప్పుడూ చెప్పని విషయం ఒకటి చెప్పాలి. ధర నియంత్రణలో ఉన్న మందుల మీద మా వంటి షాపులవాళ్లకు కట్టిన లాభం 16 శాతం. బలం పొడుల మీద నాకు అంతకు రెండింతలు మిగిలేది. నీ ఇంజనీరింగ్ ఫీజు కట్టాల్సిన ఏడాది ఒక అర మొత్తం వాటితో నింపాను. కోడుమూరు వైపు నుంచి కూలికి వెళ్లే ఒకామె, ఎముకలు తేలిన పదేళ్ల కొడుకును వెంటబెట్టుకుని నెలనెలా వచ్చి డబ్బా కొనేది. నాలుగు నెలలు కొన్నది. పిల్లవాడిలో మార్పు లేదు. అయిదో నెల వచ్చినప్పుడు ఆమె చీర కొంగు ముడి విప్పి నోట్లు లెక్కపెడుతుంటే నేను చూడలేకపోయాను. ఈ డబ్బుతో గుడ్లు కొను, పాలు పట్టు, వేరుశనగ బుడ్డలు ఉడకబెట్టి పెట్టు, పిల్లవాణ్ణి ఎదురుగా పిల్లల డాక్టరుకు చూపించు అని పంపేశాను. మరుసటి రోజే ఆ అర ఖాళీ చేశాను. కానీ ఆ నాలుగు డబ్బాల డబ్బు ఆమెకు తిరిగి ఇవ్వాల్సింది, ఇవ్వలేదు. ఆమె మళ్లీ షాపుకు రాలేదు. ఇన్నేళ్లయినా అది నన్ను బాధపెడుతూనే ఉంది.

నువ్వు ఈ గుళికల జోలికి ఎందుకు వెళ్లావో నాకు తెలుసు. ఉగాది తర్వాత వచ్చిన పెళ్లివారిలో ఒకావిడ మన ఇంట్లో కూర్చుని, అమ్మ చేసిన ఓళిగలు తింటూ, "అమ్మాయి కాస్త ఒళ్లు తగ్గితే బాగుంటుంది" అంది. నువ్వు ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లిపోయావు. నేను అక్కడే ఉండి నోరు విప్పలేదు. ఆ తప్పు నాది. ఆ సంబంధం వద్దని మర్నాడే కబురు పంపాను. నీకు ఆ సంగతి చెప్పకపోవడం రెండో తప్పు. వాళ్లు కాదన్నారనుకుని ఇన్ని నెలలు మనసులో పెట్టుకున్నావేమో. కాదన్నది నేను.

నీకై నీకు బరువు తగ్గాలని ఉంటే తగ్గు, అందులో నాకు అభ్యంతరం లేదు. అయితే గుళికలు మొదలుపెట్టిన మొదటి వారం తగ్గిన ఆ రెండు కిలోల సంగతి తెలుసుకో. ఆ వారమే నువ్వు అన్నం కూడా మానేశావు. మన కండల్లో, కాలేయంలో పిండిపదార్థం గ్లైకోజెన్‌గా నాలుగైదు వందల గ్రాముల దాకా నిల్వ ఉంటుంది. దాని ప్రతి గ్రాము దాదాపు మూడు గ్రాముల నీటిని తనతో పట్టి ఉంచుతుంది. అన్నం మానితే ఆ నిల్వ ఖర్చవుతుంది, దానితో పాటు నీరూ పోతుంది. తూకంలో తగ్గిన రెండు కిలోలలో ఎక్కువ భాగం ఆ నీరే, పేరు మాత్రం గుళికలకు వచ్చింది. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు పడాలి. రోజుకు 400 తగ్గించుకుంటే ఇరవై రోజుల పని అది. నీ స్నేహితురాలు చేస్తున్న కీటో పథ్యం, అంటే పిండిపదార్థం బాగా తగ్గించి కొవ్వు ఎక్కువగా తినేది, 1921లో అమెరికాలో డాక్టర్లు మూర్ఛ రోగుల కోసం రూపొందించినది. ఈ నాటికీ మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లలకు వైద్యుల పర్యవేక్షణలో ఇస్తారు. ఒంట్లో ఏ జబ్బూ లేని అమ్మాయి అంత కఠినమైన పథ్యం ఎందుకు చేయాలి?

ప్రోటీన్ పొడి డబ్బా కూడా కొన్నావని విన్నాను. అది విషమేమీ కాదు, పాలు విరిచాక మిగిలే తేటనీటి నుంచి తీసిన పొడి. కానీ నీకు దాని అవసరం ఉందా? నువ్వు బస్సులో తార్నాక దాటుతున్నప్పుడు వచ్చే జాతీయ పోషకాహార సంస్థ, 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాల్లో కండల కోసం ఈ పొడులు వాడవద్దనే చెప్పింది. వాటిలో చక్కెర, తీపి రసాయనాలు కలిపి ఉండవచ్చని కూడా చెప్పింది. ప్రోటీన్ రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాములు చాలన్నది వాళ్ల లెక్క. నీ 58 కిలోలకు 48 గ్రాములు. రెండు గుడ్లలో 12, గుప్పెడు బుడ్డల్లో 7, మధ్యాహ్నం అన్నంలో 9, నలభై గ్రాముల కందిపప్పులో 9, గిన్నెడు పెరుగులో 6, రాత్రి రెండు జొన్నరొట్టెల్లో 8. కూడి చూసుకో, 51 వస్తుంది. బరువులు ఎత్తే రోజున ఇంకా కావాలనిపిస్తే ఇంకో గరిటె పప్పు వేసుకో. బుడ్డలు మాత్రం గుప్పెడు దాటకు, వాటిలో దాదాపు సగం నూనే.

నిజంగా నీకు లోటు ఉండదగినది ఇంకొకటి ఉంది, దాన్ని జిమ్‌లో ఎవరూ అడిగి ఉండరు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోందని, సాయంత్రానికి నీరసపడుతున్నానని సంక్రాంతికి వచ్చినప్పుడే అన్నావు. దడ కూడా రక్తం తక్కువైతే వస్తుంది. హిమోగ్లోబిన్ పరీక్షకు అయ్యే ఖర్చు ఆ సీసా ధరలో చాలా చిన్న భాగం. తక్కువ ఉంటే డాక్టరు ఐరన్ మాత్రలు రాస్తారు, అవి తప్పకుండా వేసుకో. వాటిని టీ, కాఫీలతో వేసుకోకూడదు, ఐరన్ ఒంటికి పట్టదు. నిమ్మరసంతో బాగా పడుతుంది. అన్ని మాత్రలనూ నేను కాదంటున్నానని అనుకోకు. మాంసం, గుడ్డు ముట్టని మీ అత్తకు అరికాళ్లు తిమ్మిరెక్కితే, బి12 తక్కువని పరీక్షలో తేలాకే మాత్రలు మొదలుపెట్టారు. ఇప్పుడు బాగా నడుస్తోంది.

కొర్రల గురించి అడిగావు కదా, నానమ్మను కూర్చోబెట్టి అడిగాను. పత్తికొండ దగ్గర వాళ్ల ఊళ్లో పెద్దపండుగకు తప్ప వరి అన్నం ఉండేది కాదట. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక కొర్రన్నం కుండ అటకెక్కిందట. ఆ కొర్రలనే ఇప్పుడు రంగు సంచుల్లో పోసి, షుగరును, కేన్సరును పోగొడతాయని అమ్ముతున్నారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. కొర్రలు మంచి తిండి, పీచు ఎక్కువ, తొందరగా ఆకలి వేయదు. రాగుల్లో వంద గ్రాములకు 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంది. అంతవరకు నిజం. కేలరీల్లో మాత్రం కొర్రలకూ బియ్యానికీ పెద్ద తేడా లేదు, ఇష్టమొచ్చినంత తింటే కొర్రలతోనూ లావెక్కుతాం. "మేము కొర్రలు తిని సన్నగా లేము, పొద్దస్తమానం చేలో వంగి పని చేసి సన్నగా ఉన్నాము" అని నానమ్మ అంది. ఆ మాటను నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

నువ్వు చేలో వంగనక్కర్లేదు. వారానికి కనీసం 150 నిమిషాలు చెమట పట్టేలా నడక, రెండు రోజులు కండలకు పని, ఇదే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది. జిమ్ మానకు, బరువులు ఎత్తు, అది నీకు మంచిదే. మానాల్సింది అక్కడ అమ్మే సీసాలు మాత్రమే. నేను, అమ్మ రోజూ పొద్దున తుంగభద్ర ఒడ్డుదాకా వెళ్లి, కొండారెడ్డి బురుజు మీదుగా తిరిగి వస్తున్నాం. మొదట్లో అమ్మ మోకాళ్లు పట్టేసేవి, ఇప్పుడు నాకంటే ముందు నడుస్తోంది. దసరాకు వచ్చినప్పుడు నువ్వూ మాతో రా.

బస్సులో పార్శిలు వేశాను. రెండు కిలోల బుడ్డలు, జొన్నపిండి, అమ్మ చేసిన నువ్వుల పొడి ఉన్నాయి. శనివారం పొద్దున హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకుని ఆ కాగితాల ఫోటో నాకే పంపు. ఆ సీసా పారేయకు. వచ్చేటప్పుడు తీసుకురా, బ్యాచ్ నంబరు చూడాలి, ఇక్కడి ఆహార భద్రతా అధికారికి ఇచ్చి పరీక్షకు పంపమని అడుగుతాను.

ఇట్లు,
నాన్న