మీ చిన్నోడి మ్యాచ్‌కి నేను విజిల్ పట్టను

ఒరేయ్ బావా,

నిన్న రాత్రి ఫోన్లో నవ్వుతూనే అన్నావు, "మా చిన్నోడి కబడ్డీ మ్యాచ్‌కి రిఫరీ నువ్వేనట కదా, కాస్త చూసుకోరా" అని. నేనూ నవ్వేసి పెట్టేశాను. పడుకున్నాక మాత్రం ఎంతకీ నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే మధ్యలో ఏదో జోకేసి నన్ను తప్పించేస్తావు, అందుకే ఉత్తరం. పొద్దున్నే కాగితాలు ముందేసుకుని కూర్చుంటే మా ఆవిడ టీ ఇస్తూ, "ఎవరికండీ, ఇన్ని పేజీలు?" అని వింతగా చూసి పోయింది.

నువ్వు తప్పుడు పని చెయ్యమనలేదు, నాకు తెలుసు. తండ్రివి, అన్నావు. తంటా అంతా నాతోనే.

ఇరవై ఏళ్లుగా కబడ్డీ కోర్టులో విజిల్ ఊదుతున్నాను కదా, తిట్లకి నాకు భయం పోయింది. "రిఫరీ అమ్ముడుపోయాడు" అని అరిచినవాడే మ్యాచ్ అయ్యాక పకోడీ పొట్లం చేతిలో పెడతాడు. కోపం వస్తే నాకే తెలుస్తుంది, ముందు చెవులు వేడెక్కుతాయి. వెంటనే విజిల్ నోట్లోంచి తీసి చేత్తో పట్టుకుంటా. నోట్లో లేకపోతే తొందరపడి ఊదలేం కదా! మళ్లీ పెట్టుకునేలోపు సగం దిగిపోతుంది. జాలికి అలాంటి గుర్తేమీ లేదురా. అది న్యాయం వేషం కట్టుకుని వస్తుంది.

ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెబుతా. రెండేళ్ల కిందట సంక్రాంతి పోటీలు, ఊరి పేరు వద్దులే. సెమీఫైనల్. మట్టి కోర్టు, సున్నం గీతలు. పది నిమిషాల ఆటకే గీత సగం చెరిగిపోయింది. బోనస్ పాయింటు సంగతి నీకు తెలిసిందే, అవతల కనీసం ఆరుగురుండాలి, రైడర్ ముందు కాలు బోనస్ లైన్ దాటి నేలకి ఆనాలి, ఆ క్షణంలో వెనక కాలు గాల్లో ఉండాలి. నా కళ్లు రెండూ ముందు కాలి మీదే ఉన్నాయి. వెనక కాలు చూడలేదు. అయినా చెయ్యెత్తి పాయింటిచ్చేశా. తిరిగి వెళ్తూ ఆ రైడర్ నా వంక ఒక్కసారి చూశాడు. సంతోషం కాదురా అది, ఆశ్చర్యం. ఆ చూపుతోనే నాకర్థమైపోయింది, వెనక కాలు నేల మీదే ఉందని.

అక్కడితో ఆగితే పొరపాటు అయ్యేది. విరామంలో ఐదు నిమిషాలూ అదే తొలిచింది. రెండో సగంలో, నేను అన్యాయం చేసిన జట్టు నుంచి ఒక బక్క కుర్రాడు కూతకి వెళ్లాడు. మోకాలికి పట్టీ. అవతల మిగిలింది ఇద్దరే. చివర కాపు కాసే కార్నర్ కుర్రాడి వేలు తాకానని వచ్చి చెయ్యి ఊపాడు. నేను చూశాను, తాకలేదు. కనీసం జానెడు దూరం. అయినా నా చెయ్యి పైకి లేచింది.

లెక్క సరిపోయిందనుకున్నాను. కార్నర్ బయటికెళ్లాడు. మిగిలిన ఒక్కడూ తర్వాతి రైడ్‌లో దొరికిపోయాడు. ఆలౌట్, అంటే జట్టంతా బయటికి, దానికి అదనంగా రెండు పాయింట్లు. నేను సరిచెయ్యబోయింది ఒక్క పాయింటు, కార్నర్ కుర్రాడి జట్టుకి పోయింది నాలుగు. వాళ్లు ఓడింది మూడు పాయింట్లతో.

మ్యాచ్ అయ్యాక ఆ కార్నర్ కుర్రాడు వచ్చాడు. గొడవ పడలేదు. "సార్, నాకు తగల్లేదు సార్" అన్నాడు, అంతే. "నాకు తగిలినట్టే కనబడిందిరా" అన్నాను. వాడు తలూపి, టవల్ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. బోనస్ తప్పు నన్ను అంత బాధ పెట్టలేదు, కన్ను పొరబడిందంతే. ఆ మాట మాత్రం ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంది.

మావాడు ఈమధ్య ఫోన్లో ఒక పాత వీడియో చూపించాడు. అమెరికాలో బేస్‌బాల్, 2010 జూన్, డెట్రాయిట్. అర్మాండో గలరాగా అనే కుర్రాడు వరసగా 26 మందిని ఔట్ చేశాడు. ఇంకొక్కడు ఔటైతే మచ్చలేని మ్యాచ్, వందేళ్ల పైబడిన వాళ్ల చరిత్రలో పట్టుమని పాతిక కూడా లేవట. ఆ 27వ వాణ్ణి జిమ్ జాయిస్ అనే అంపైర్ సేఫ్ అన్నాడు. స్పష్టంగా ఔట్. మ్యాచ్ అయ్యాక రీప్లే చూసుకుని, తప్పు నాదేనని అందరి ముందూ ఒప్పుకున్నాడు, ఆ కుర్రాడికి క్షమాపణ చెప్పాడు. మర్నాడు మళ్లీ అదే గ్రౌండ్‌లో అంపైరింగ్‌కి వచ్చాడు. జట్టు కాగితం ఇవ్వడానికి వచ్చింది గలరాగానే. జాయిస్ కళ్లు తుడుచుకుని ఆట మొదలుపెట్టాడు. నేను రెండుసార్లు చూశాను బావా. ఆయన ఏడ్చింది బయట. నేను కోర్టు లోపల ఏడ్చాను, చేత్తో.

అలాగని రూలు పుస్తకం ఒక్కటే చాలనీ అనను. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల ఫైనల్ మనిద్దరం ఫోన్లో మాట్లాడుకుంటూ చూశాం, గుర్తుందా? ఇరాన్ మీద 28-28. పవన్ సెహ్రావత్ ఎవర్నీ తాకకుండానే లాబీలోకి, అంటే కోర్టు పక్క పట్టీలోకి, వెళ్లాడు, వెనకే ఇరాన్ వాళ్లూ అడుగు పెట్టారు. పాత రూలు ప్రకారం ఒక లెక్క, కొత్త రూలు ప్రకారం ఇంకో లెక్క. తీర్పు అటూ ఇటూ మారింది, ఆటగాళ్లు మ్యాట్ మీదే కూర్చున్నారు, దాదాపు గంటసేపు ఆట ఆగింది. చివరికి 33-29తో మనమే గెలిచాం. నువ్వు ఈలలేశావు, నాకేమో అధికారుల ముఖాలే కనబడ్డాయి. ఒకసారి తీర్పు మారిస్తే చాలు, గట్టిగా అరిస్తే మళ్లీ మారుతుందని రెండు జట్లకీ తెలిసిపోతుంది.

మనసుతో పనే లేదని కాదు. గొడవ రాబోతోందని ఏ రూలూ చెప్పదు. ఒకడు లేచేటప్పుడు అవతలివాడి పాదం కావాలని తొక్కుతాడు, వాడు మారుమాట్లాడకుండా పిడికిలి బిగిస్తాడు. అది కనబడాలంటే మనమూ ఒకప్పుడు తొక్కించుకుని ఉండాలి. అప్పుడు హెచ్చరికగా చూపే గ్రీన్ కార్డు తియ్యను, దగ్గరికెళ్లి "నీళ్లు తాగి రా నాన్నా" అంటాను. చాలాసార్లు అదే సరిపోతుంది.

ఇక మీ చిన్నోడు. వాడు పుట్టిన రోజు ఆసుపత్రి వరండాలో నీతో ఉన్నది నేనే. వాడు టచ్ అడిగితే నాకు టచ్చే కనబడుతుంది. లేదూ, నీ కొడుకని భయపడి నిజం టచ్ కూడా ఇవ్వను. రెండోదే జరుగుతుందని నా అనుమానం. క్రికెట్‌లో ఈ బాధ పడలేకే కదా 1986లో లాహోర్‌లో పాకిస్తాన్-వెస్టిండీస్ టెస్టుకి మనవాళ్లని అంపైర్లుగా పిలిపించుకున్నారు, పీలూ రిపోర్టర్‌నీ, మన హైదరాబాద్ వీకే రామస్వామినీ. వాళ్లు మనకన్నా తెలివైనవాళ్లనో మంచివాళ్లనో కాదు, ఆ రెండు జట్లలో వాళ్ల చుట్టాలెవరూ లేరని.

పొద్దున కమిటీ వాళ్లకి ఫోన్ చేసి, ఆ ఒక్క మ్యాచ్‌కీ వేరేవాళ్లని చూసుకోమన్నాను. కారణం అడిగితే "నడుం నొప్పి" అన్నాను. మళ్లీ అబద్ధమే, ఏం చెయ్యను!

ఆ రోజు విజిల్ ఇంట్లో వదిలేసి వస్తా. నీ పక్కన నాకో కుర్చీ వెయ్యి. పాతికేళ్లయింది నేను ఒక జట్టు కోసం అరిచి. రిఫరీని కూడా తిడతా, కానీ మరీ ఎక్కువ తిట్టనియ్యకు నన్ను.

చెల్లెమ్మని అడిగానని చెప్పు. వచ్చేటప్పుడు ఆ చింతకాయ పచ్చడి మర్చిపోకు.

నీ
డ్రిల్లు మాస్టారు