కమిషనర్ గారికి, హోటలక్క గురించి

గ్రేటర్ వరంగల్ మున్సిపల్ కమిషనర్ గారికి,

మా మాజీ కార్పొరేటర్, మేమంతా హోటలక్క అని పిలుచుకునే ఆమె చనిపోయారు. ఎంజీఎం ఆసుపత్రిలో పేషెంట్ల వెంట ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఆమె హోటల్లో పైసల్లేవంటే ‘ముందు తిను బిడ్డా’ అనేవారు. 2020 ఆగస్టు వరదల్లో హన్మకొండ కాలనీలు మునిగితే ఆ పొయ్యి ఆరలేదు. కార్పొరేటర్ అయ్యాక కూడా అర్జీలు గల్లాపెట్టె దగ్గరే తీసుకున్నారు. కోపం మాత్రం ఎక్కువే, అది వేరే సంగతి.

రోడ్డుకు ఆమె పేరు పెట్టమని కొందరు అడుగుతున్నారు. నాకైతే అక్కర్లేదనిపిస్తుంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వీధి వ్యాపారుల విషయాలు చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. ఆ కుర్చీల్లో ఇడ్లీ బండ్లు, మిర్చి బండ్లు నడిపే అక్కలు కూర్చొని మాట్లాడేలా చూడండి సార్.

ఇట్లు,
ఆమె చేతి అన్నం తిన్న ఒక హన్మకొండ వాసి