నేరం బ్లేడుది కాదు

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో ఇంటి వడ్రంగంపై వచ్చిన వ్యాసం చదివాను. చెక్కను నునుపు చేసే చేతి చిత్రిక సరిగా నడవకపోతే బ్లేడు మార్చాలని, అప్పటికీ కుదరకపోతే కరెంటు చిత్రిక కొనుక్కోవాలని అందులో రాశారు. ఈ సలహా నాకు మింగుడు పడలేదు. నేను ఫౌండ్రీలో పోతలకు చెక్క నమూనాలు చేసి రిటైరైన వాణ్ని. పెరట్లోని రేకుల షెడ్డులో ఇప్పటికీ చిత్రిక పడుతూనే ఉంటాను. మొండికేసిన చిత్రికలు పట్టుకొని గోపాలపట్నం కుర్రాళ్లు మా ఇంటికి వస్తుంటారు. వాటిలో నిజంగా బ్లేడు పాడైనవి అరుదు.

కొత్త ఇనుప చిత్రిక పెట్టెలోంచి తీయగానే పని చేయదని ఏ దుకాణదారూ చెప్పడు. బ్లేడుకు 25 డిగ్రీల వాలు గ్రైండరు మీద తీసి పంపుతారు, అంతే. కొసన 30 డిగ్రీల దగ్గర సాన పట్టుకోవలసింది మనమే. వెనక వైపు కూడా అంచు దగ్గర అద్దంలా చదునుగా ఉండాలి. చాలామంది వాలు వైపే నూరి, వెనక వైపు వదిలేసి, ఆనక సానరాయిని తిడతారు.

అసలు కిటుకు బ్లేడు మీద బిగించే వంపు రేకులో ఉంది. రెండింటినీ బిగించి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. మధ్యలో సన్నని వెలుగు గీత కనిపించినా చాలు, గీసిన చెక్క పొరలు ఆ సందులో దూరి, బ్లేడు అంచు బయటికి వచ్చే చిత్రిక నోరు పూడుకుపోతుంది. ఆ రేకు అంచును ఆకురాయితో సరిచేస్తే తీరిపోయే బాధ అది. మామూలు పనికి రేకు బ్లేడు అంచుకు ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు వెనక ఉంటే సరి. వేప, నిద్రగన్నేరు వంటి చెక్కల సంగతి వేరు. వాటిలో పోగు, అంటే చెక్క నార, ఒక పొరలో ఇటు, మరో పొరలో అటు వాలి ఉంటుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు కూలిన చెట్ల దుంగలను కోయించి దాచుకున్నవారికి ఇది అనుభవమే. ఎటు నుంచి తోసినా పెచ్చులు లేస్తాయి. అప్పుడు రేకును అంచుకు అర మిల్లీమీటరు కన్నా దగ్గరగా జరపాలి. లేచిన పొర రేకుకు తగిలి వెంటనే విరుగుతుంది కాబట్టి లోపలి పోగును పీకే బలం దానికి ఉండదు. రేకు దూరంగానే ఉంచి ఎన్ని బ్లేడులు మార్చినా డబ్బు దండగ.

చిత్రిక దడదడలాడి చెక్క మీద గీతలు వేస్తే, బ్లేడు ఆనుకొనే వాలు దిమ్మ మరలు వదులయ్యాయేమో చూడాలి. తోస్తున్నకొద్దీ కోత లోతు తగ్గిపోతుంటే, లోతు సర్దే వెనక ఇత్తడి చక్రాన్ని చివరిసారి తిప్పేది ఎప్పుడూ బ్లేడు కిందికి దిగే వైపే కావాలి.

ఇదంతా ఏ ఊళ్లోనైనా ఒకటే. మన విశాఖలో అదనంగా సముద్రపు గాలి ఉంది. ఆ ఉప్పు చెమ్మకు బ్లేడు వెనక వైపు తుప్పు గుంటలు పడి, అవి అంచు దాకా వస్తే ఎంత నూరినా పదును నిలవదు. ఆ ఒక్క సందర్భంలో మీ వ్యాసకర్త మాట ఒప్పుకుంటాను. పని కాగానే మిషను నూనె గుడ్డతో తుడిచి, అడుగున కొవ్వొత్తి రుద్దితే అంతదాకా రాదు. ప్లాస్టిక్ సంచిలో మాత్రం చుట్టిపెట్టకండి, చెమ్మ లోపలే ఉండిపోతుంది.

కరెంటు చిత్రిక చెడ్డదని నా వాదన కాదు. గుమ్మాల చెక్కలకు అదే నయం. చిన్న పీట చేసుకోవాలనుకునే కుర్రాడితో అంత ఖర్చు పెట్టించడం దేనికి? పక్కింట్లో పరీక్షలకు చదువుకునే పిల్లలుంటే ఆ రొద గొడవ మరొకటి. ఐటీఐలో వడ్రంగం నేర్పిన అనుభవజ్ఞుల చేత ఈ సర్దుబాట్లను బొమ్మలతో రాయించి వేయండి.

బొమ్మ అంటే గుర్తొచ్చింది. ఈసారి మీరు వేసిన దానిలో బ్లేడు తిరగబడి ఉంది. ఈ రకం చిత్రికలో వాలు కిందికి ఉండాలి.

– విశ్రాంత నమూనాల వడ్రంగి,
గోపాలపట్నం, విశాఖపట్నం