మార్చి వార్తాలేఖ: సైన్స్ డే స్టాల్ మీద వస్తున్న మాటల గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

ఫిబ్రవరి 28న మన ఎగ్జిబిషన్‌లో బిడ్డ ఆడో మగో ఎలా తేలుతుందో చెబుతూ తొమ్మిదో తరగతి అమ్మాయిలు పెట్టిన స్టాల్ గురించి వాట్సాప్ గ్రూపుల్లో వారం నుంచి చర్చ నడుస్తోందని తెలిసింది. నేరుగా వచ్చి అడిగిన వాళ్ళకు ధన్యవాదాలు. "చిన్నపిల్లల చేత ఇవన్నీ చెప్పించడం అవసరమా మేడమ్?" అన్నారు. అవసరమే.

రాలేకపోయిన వాళ్ళ కోసం జరిగింది చెబుతాను. ఈసారి జన్యుశాస్త్రంలో, అంటే తల్లిదండ్రుల లక్షణాలు పిల్లలకు ఎలా వస్తాయో చెప్పే శాస్త్రంలో, ఒక్కో మైలురాయిని ఒక్కో తరగతికి ఇచ్చాం. ఎనిమిదో తరగతికి మెండెల్ వచ్చాడు. బ్రనో మఠం తోటలో బఠానీలు పెంచి, రెండో తరంలో వచ్చిన 7,324 గింజల్లో 5,474 నున్నవి, 1,850 ముడతలవి, అంటే దాదాపు మూడుకు ఒకటి అని లెక్క తేల్చి, 1865 ఫిబ్రవరి 8న, మార్చి 8న సభలో చదివితే, 1900 దాకా దాని విలువ లోకానికి తెలియలేదు. ఏడో తరగతి అబ్బాయి ఒకడు గోధుమపిండి ముద్దతో మనిషి కణంలో ఉండే 23 జతల క్రోమోజోములు, అంటే లక్షణాలను మోసే పోగులు, చేసి, ముప్పై ఏళ్ళకు పైగా పుస్తకాల్లో 48 అనే ఉండేదనీ, 1956లో మళ్ళీ లెక్కపెడితే 46 అని తేలిందనీ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. పలమనేరు వైపు నుంచి వచ్చిన ఆరో తరగతి పిల్లవాడైతే వాళ్ళ తాత దగ్గరున్న పుంగనూరు ఆవు ఫొటో తెచ్చి, ఆ పొట్టితనం తల్లి నుంచి దూడకు ఎలా వస్తుందో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ వివరించాడు. చూస్తుంటే కడుపు నిండిపోయింది.

ఇక ఆ స్టాల్. రెండు బిస్కెట్ డబ్బాలు. అమ్మ డబ్బాలో అన్నీ ఎర్ర పూసలే, అంటే ఎక్స్ క్రోమోజోములు. నాన్న డబ్బాలో సగం ఎర్రవి, సగం నల్లవి, నల్లది వై క్రోమోజోము. కళ్ళు మూసుకుని ఒక్కో డబ్బాలోంచి ఒక్కో పూస తీయాలి. రెండూ ఎర్రవైతే ఆడపిల్ల, ఒకటి నల్లదైతే మగపిల్లవాడు. ఒక అవ్వ అమ్మ డబ్బాలో చెయ్యి పెట్టి నల్లపూస కోసం అడుగుదాకా వెతికింది. "దీంట్లో ఒకటి గూడా ఎయ్యలేదేం పాపా?" అంది. "అమ్మ దగ్గర అది ఉండదవ్వా, నాన్న డబ్బాలోనే ఉంటుంది" అంది మా అమ్మాయి. అవ్వ కాసేపు అక్కడే నిలబడి, పక్కనున్న కోడలి వైపు చూసింది.

తప్పంతా మగవాళ్ళ మీదకు నెట్టారని కొందరు బాధపడ్డారట. ఆ అమ్మాయి అలా అనలేదు. ఏ పూస చేతికొస్తుందో నాన్న చేతుల్లో కూడా లేదని స్పష్టంగా చెప్పింది, పక్కనే ఉండి విన్నాను. ఇది పదో తరగతి అనువంశికత పాఠంలో ఉన్నదే.

దీన్ని కనిపెట్టినవారిలో నెట్టీ స్టీవెన్స్ అనే అమెరికా ఆవిడ ముఖ్యురాలు. బడిలో పాఠాలు చెప్పుకుంటూ, 35 ఏళ్ళ వయసులో స్టాన్‌ఫర్డ్‌లో చేరి చదువుకుంది. 1905లో పిండిపురుగు కణాలను మైక్రోస్కోపు కింద చూసింది. ఆడపురుగులో 20 పెద్ద క్రోమోజోములు, మగపురుగులో 19 పెద్దవి, ఒకటి చిన్నది. బిడ్డ ఆడో మగో తేల్చేది మగపురుగు ఇచ్చే ఆ తేడాయేనని చెప్పింది. 1912లో చనిపోయింది, రావలసిన పేరు చాలాకాలం రాలేదు. మనిషిలోనూ ఆడో మగో తేలే తీరు ఇదే. ఇది తెలిసి వందేళ్ళు దాటిపోయింది. అయినా అడ్మిషన్ల రోజున "ముగ్గురూ ఆడపిల్లలేనండీ" అని నేరం ఒప్పుకున్నట్టు తల దించుకుని చెప్పే తల్లులను ఈ గదిలో ప్రతి ఏడూ చూస్తున్నాను. వెనకాల కూతురు నిలబడి వింటూ ఉంటుంది. లింగనిర్ధారణ పరీక్షలు చేయకూడదని 1994లోనే చట్టం వచ్చింది, కానీ ఇంట్లో అనే మాటలకు ఏ చట్టం అడ్డుపడుతుంది? ఆ స్టాల్ తీయించే ప్రసక్తే లేదు.

మరో విషయం, దయచేసి వేరేగా అనుకోవద్దు. ప్రాజెక్టు అంటే పిల్లలు చేసేది. ధర స్టిక్కర్ కూడా ఊడని డీఎన్ఏ మోడళ్ళు ఈసారి నాలుగైదు వచ్చాయి. రాత్రి పదకొండింటికి టీచర్లకు మెసేజ్ పెట్టి "చార్ట్ మీద ఏం రాయాలి?" అని అడుగుతున్నది పిల్లలు కాదు, మీరు. వాళ్ళను పడుకోబెట్టండి, ఫోన్ మీ దగ్గరే పెట్టుకోండి. పేరెంట్స్ మీటింగ్‌కు ఎప్పుడూ అమ్మలే వస్తున్నారు, నాన్నలు గేటు దగ్గర బండి మీదే ఉండిపోతున్నారు.

ఒంటిపూట బడుల సమయాలు డైరీలో అంటించాం. పదో తరగతి హాల్‌టికెట్లు ఆఫీసులో తీసుకోండి. బస్సు ఫీజు బాకీలు ఈ నెలలోనే కట్టేయండి. ఎండలు ముదిరాయి, నీళ్ళ సీసా మరవకండి.

ఆ రెండు డబ్బాలు పరీక్షలయ్యేదాకా బయాలజీ ల్యాబ్‌లోనే ఉంటాయి. ఏ శనివారమైనా బడి వదిలాక వచ్చి చూడవచ్చు, అవ్వాతాతలను కూడా తీసుకురండి. స్టాల్ పెట్టిన అమ్మాయిలే ఉండి వివరిస్తారు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు, తిరుపతి